మొనకి అంటిన నుసి

సోమవారం పొద్దున ఆవగింజంత ఇత్తడి స్క్రూ ఒకటి సుగాయి తొకుజి వేళ్ళ సందులోంచి జారి, లేతు కింద పోగైన ఇనుప నుసిలో పడింది. వేళ్ళతో ఏరబోయాడు. చిక్కలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఆ విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో లోహాన్ని కోసీ అరగదీసీ మొద్దుబారిన వేళ్ళవి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బల్ల సొరుగు లాగి, అడుగున గుడ్డలో చుట్టి ఉన్న చిన్న పట్టకారు తీశాడు. అది ఆ సొరుగులోకి వచ్చి ఏడాదిన్నర దాటింది. ఒక్కసారైనా పనికి వాడలేదు. అది పనిముట్టుగా రాలేదు, మర్యాదగా వచ్చింది.

స్క్రూ దొరికింది. కానీ పట్టకారు పైకెత్తేసరికి దాని మొనకి గడ్డం మొలిచినట్టు నల్లటి నుసి వేలాడుతోంది.

తుడిచాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ గడ్డం. తిరగేసి కాడవైపు ముంచి చూశాడు, ఒక్క రేణువు అంటలేదు. నడిమి భాగం ముంచి చూశాడు, అంటలేదు. మొన నుంచి చిటికెన వేలి గోరంత మేరకే అంటుతోంది. ఆ గోరంత మేర అతనికి బాగా తెలుసు. తన సుత్తి దెబ్బలు పడ్డది అక్కడే.

లేతు ఆపాడు. ఆపిన తరవాత గది మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి, మళ్ళీ తిప్పాడు.

అయస్కాంతం అంటని రకం స్టీలే అది. మూడో అంతస్తులో యమాకి మాస్టారి ప్రయోగశాలలో అలాంటివే వాడాలి. కానీ ఆ రకం స్టీలుని కాల్చకుండా చల్లగా ఉండగా సుత్తితో కొడితే, కొట్టినచోట అయస్కాంత గుణం పుడుతుంది. వంటింటి సింకు నడుమ అంటని అయస్కాంతం వంచిన మూలల దగ్గర అంటుతుంది చూశారూ, అదే సంగతి. సుగాయికి పద్దెనిమిదేళ్ళప్పుడే పెద్ద మేస్త్రీ ఒకాయన ఆ చిత్రం చూపించి నవ్వాడు. తెలియక కాదు. ఆ రోజున గుర్తుకు రాలేదు, అంతే. షిషిదో అనే కుర్రవాడు డాక్టరేటు చివరి ఏడాదిలో పట్టకారుని గచ్చు మీద పడేసుకుని, మొన వంకరపోయి, కొత్తది స్విట్జర్లాండు నుంచి రావడానికి ఆరు వారాలు పడుతుందని ఏడుపు మొహంతో వస్తే, దాని కోసం ఆరు వారాలెందుకోయ్ అని, కాలిస్తే మెత్తబడుతుందని చల్లగానే చిన్న దాగలి మీద పెట్టి, టక్‌టక్‌మని ఇరవై ముప్ఫై దెబ్బలేసి సూదిలా చేసి ఇచ్చాడు.

"సుగాయి గారూ, రావచ్చాండీ?"

గుమ్మంలో ఓయికవా నిలబడి ఉంది. ఎమ్మెస్సీ రెండో ఏడు అమ్మాయి. అసిటోనుతో కడిగి కడిగి వేళ్ళ చివర్లు పగిలి, రెండింటికి ప్లాస్టరు వేసుకుంది. సుగాయి పట్టకారుని సొరుగులో పడేసి, మోకాలితో సొరుగు మూశాడు. అంత చప్పుడు చేసి ఎప్పుడూ మూసేవాడు కాదు. ఆమె సొరుగు వంక ఒక్క క్షణం చూసింది.

ప్రయోగంలో రాతి బిళ్ళని కూర్చోబెట్టే రాగి పళ్ళెం కొత్తది కావాలట. పాతది మురికిపట్టి ఉందేమోనని మాస్టారు అంటున్నారట. "మూడుసార్లు ఆసిడ్‌లో కడిగానండీ. ఇక మిగిలింది నన్ను నేను కడుక్కోవడమే," అని నవ్వింది. నవ్వు సగంలో ఆగింది.

గురువారానికి ఇస్తానన్నాడు. ఆమె వంగి దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆమె మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించినంతసేపూ సుగాయి సొరుగు మీద చెయ్యి తియ్యలేదు.

యమాకి మాస్టారి దగ్గర జరిగే పని అతనికి పైపైన తెలుసు. గాలంతా తోడేసిన ఉక్కు డబ్బాలో గడోలినియం అనే లోహాన్ని ఆవిరి చేసి, నైట్రోజన్‌తో కలిపి, గోరంత సఫైర్ రాతి బిళ్ళ మీద వెంట్రుకలో వెయ్యోవంతు మందాన పొర పరుస్తారు. ఆ నైట్రైడ్ పొర అయస్కాంతమే, కానీ కటిక చలిలోనే. సున్నాకి రెండు వందల డిగ్రీలు దిగువన బతుకుతుంది, పైకి రాగానే చచ్చిపోతుంది. అలాంటిది షిషిదో చేసిన మూడు బిళ్ళలు మామూలు గది వేడిలో కూడా అయస్కాంతాలుగా నిలిచాయి. కాస్త బలహీనంగానే, కానీ నిలిచాయి. దాని మీద పేపరు అచ్చయింది. మాస్టారికి పెద్ద ప్రాజెక్టు వచ్చింది. షిషిదోకి తోక్యో వైపు పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఓయికవా చేయవలసింది ఆ నాలుగో బిళ్ళ. ఏడాదిన్నరలో తొమ్మిది చేసింది. తొమ్మిదీ గది వేడికి వచ్చేసరికి చల్లారిన బొగ్గులే.

సఫైర్ ఉక్కు కంటే గట్టిది. పట్టకారుతో అంచుని బిగించి పట్టుకున్నప్పుడల్లా మొన కాస్త అరిగి బిళ్ళకి అంటుకుంటుంది. కంటికి కనిపించదు. అయస్కాంత గుణం కొలిచే మూడో అంతస్తు యంత్రానికి కనిపిస్తుంది. దానికి ఏది పొరో, ఏది నుసో తేడా తెలియదు.

మంగళవారం పదింటికి ప్రయోగశాల వారపు సమావేశం. సుగాయి వెళ్ళవలసిన పని నెలకొకసారి, పంపుల సంగతి చెప్పడానికి. ఆ మంగళవారం అతని వంతు. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఓయికవా తొమ్మిదో బిళ్ళ కొలతలు తెర మీద పెట్టింది. బిళ్ళని జ్యూసు తాగే స్ట్రాలో ఇరికించి యంత్రంలోకి దింపుతారు. ఆ స్ట్రాలు కూడా తనే కొత్త పెట్టెలోంచి తీసి కడిగి వాడానని చెప్పింది. గది వేడిలో గీత అడ్డంగా, చాప పరిచినట్టు ఉంది.

వెనక వరసలో హోషి అనే విద్యార్థి పక్కవాడితో గొణిగాడు. గొణుగుడే గానీ అందరికీ వినబడేట్టు: "పట్టకారు అందలేదుగా పాపం, హస్తవాసి ఎక్కణ్ణుంచి వస్తుంది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. చదువు ముగించి వెళ్ళేవాళ్ళు తమ పట్టకారుని వెనకవాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. షిషిదో ఒక్కడే తనది ఓయికవాకి ఇవ్వకుండా, కింద వర్క్‌షాపుకి తెచ్చి సుగాయి చేతిలో పెట్టాడు. మీరు బాగు చేసి ఉండకపోతే ఆ మూడు బిళ్ళలే లేవు, ఇది మీది, అన్నాడు. ఆమె అందరిలోనూ చిన్నబోయింది. తనకు తానే ప్లాస్టిక్ మొనల పట్టకారు ఒకటి కొనుక్కుని పని మొదలుపెట్టింది.

యమాకి మాస్టారు కేకలేసే మనిషి కాదు. అదే కష్టం. పెన్ను మూత పెట్టి, తీసి, మెల్లగా అడిగాడు.

"షిషిదో మూడు చేశాడు, మూడూ వచ్చాయి. నువ్వు తొమ్మిది చేశావు, ఒక్కటీ రాలేదు. బయటివాళ్ళయితే ముందు దేన్ని అనుమానిస్తారమ్మా?"

"నా చేతిని."

"ఊఁ."

ఆమె కూర్చోలేదు. ఇంకో కాగితం తెర మీదికి మార్చింది. అయస్కాంతపు కొలత బిళ్ళ మొత్తాన్నీ చూస్తుందనీ, అంచునీ వెనకనీ అంటిన దుమ్మునీ కూడా కలిపి చూస్తుందనీ, కరెంటు కొలత మాత్రం పొరలోంచి పారిన కరెంటునే చూస్తుందనీ చెప్పింది. కరెంటు లెక్కన ఈ పొర అయస్కాంతంగా మారేది రెండు వందల దిగువనే. అక్కడ గీతలో ఒక మడత ఉంది, గది వేడి దగ్గర ఏమీ లేదు. తరవాత గొంతు తగ్గించింది.

"బీరువాలో ఉన్న షిషిదో గారి మూడో బిళ్ళకి కూడా తీగలు అంటించి కొలిచాను మాస్టారూ. దానికీ మడత అక్కడే. గది వేడిలో కరెంటుకి ఏమీ కనబడలేదు."

మాస్టారు పెన్ను మూత మళ్ళీ పెట్టాడు.

"ఇంకొకరి బిళ్ళలో దుమ్ముందనడానికి ముందు మన బిళ్ళ సంగతి చూసుకోవాలి. రేపు సాయంత్రం ఐదింటికి వసంత సదస్సు జాబితా మూసేస్తారు. ఈ స్థితిలో నీ ప్రసంగం వద్దు. వెనక్కి తీసేసుకో."

ఆ ప్రసంగం ఉంటేనే డాక్టరేటు స్కాలర్‌షిప్‌కి ఆమె అర్జీ నిలుస్తుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. సుగాయికీ తెలుసు. ఆమె "సరేనండి" అని తెర ఆపింది.

"సుగాయి గారూ, మీరు చెప్పవలసింది?"

సుగాయి లేచాడు. టోపీ కింద పడింది. తీసుకున్నాడు. సోమవారం సంగతి చెప్పడానికి నోరు తెరిచాడు. షిషిదో మొహం గుర్తొచ్చింది, మార్చిలో తన పదవీ విరమణ గుర్తొచ్చింది. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది గానీ దాన్ని తనతో తాను కూడా అనుకోలేదు.

"రెండో పంపులో నూనె మార్చాలండి," అన్నాడు. "నల్లబడిపోయింది."

బుధవారం సాయంత్రం నాలుగున్నరకి చేతులు కడుక్కుని, పట్టకారుని గుడ్డతో సహా చొక్కా జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. చెప్పవలసిన వాక్యం పొద్దుటి నుంచీ రాగిని అరగదీస్తూ కూడబలుక్కున్నాడు. నేను దాన్ని చల్లగా కొట్టాను, అలా కొడితే ఏమవుతుందో తెలిసీ ఆలోచించలేదు, తప్పు నాది. అంతే. పెద్ద కష్టమైన వాక్యమేం కాదు.

మూడో అంతస్తులో బూట్లు విప్పి చెప్పులు తొడుక్కున్నాడు. ఓయికవా కంప్యూటరు ముందు ఉంది. తెర మీద సదస్సు పేజీ తెరిచి ఉంది. పక్క బల్ల దగ్గర హోషి కప్పులో నూడిల్స్ మీద వేడినీళ్ళు పోసుకుంటూ, ఇంకో ఇరవై నిమిషాలుంది, ఈలోపు అద్భుతం జరగవచ్చు అన్నాడు. అతను వెక్కిరించలేదు నిజానికి. అలా మాట్లాడకుండా ఉండలేడు, అంతే.

"అద్భుతాలు షిషిదో గారితోనే వెళ్ళిపోయాయి," అంది ఆమె తల తిప్పకుండా. తలుపు దగ్గర సుగాయిని చూసి గబుక్కున లేచింది. "పళ్ళెం అయిపోయిందాండీ?"

అందులో ఎంత ఆశ ఉందో సుగాయికి వినబడింది. పళ్ళెం వస్తే పదో బిళ్ళ చేయవచ్చు. ఆ పదోదైనా వస్తుందేమోనని ఆమె తన చేతినే ఇంకా అనుమానించుకుంటోంది. అతని చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"రేపు," అన్నాడు. "రేపు పొద్దున ఇస్తాను. అది చెబుదామనే."

"దాని కోసం మెట్లెక్కి వచ్చారా? ఫోను చేస్తే సరిపోయేదిగా," అని నొచ్చుకుంది ఆమె. కుర్చీలో కూర్చుంది. పేరు ఉన్న గడి మీద నొక్కింది. నిజంగా వెనక్కి తీసుకుంటారా అని తెర అడిగింది. అవును అని నొక్కింది. గోడ గడియారంలో ఐదుకి ఇంకా తొమ్మిది నిమిషాలు ఉన్నాయి. సుగాయి చెప్పులు విప్పి, బూట్లు తొడుక్కుని, లేసులు రెండుసార్లు ముడేసి దిగిపోయాడు.

గురువారం పళ్ళెం ఇచ్చాడు. అవసరానికి మించి నునుపు చేశాడు. అద్దంలా ఉంది. ఆమె దాన్ని వెలుతురులో తిప్పి, ఇందులో మొహం చూసుకోవచ్చు అని మురిసిపోయింది. అతను చూసుకోలేదు.

ఇంటికి వెళ్ళాక, బూట్లు విప్పేచోట గోడకి వేలాడుతున్న పటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. షిషిదో పేపరు చివరి పేజీ అది. కింద సన్నటి అక్షరాల్లో ఒక వరస: వర్క్‌షాపు నిపుణుడు సుగాయి తొకుజి గారి చేతి పనితనానికి కృతజ్ఞతలు. ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఎన్ని యంత్రాలకి ఎన్ని భాగాలు చేశాడో, అతని పేరు అచ్చులో పడ్డది అక్కడొక్కచోటే. హైస్కూలుతో చదువాపినవాడి పేరు, ఇంగ్లీషులో. భార్య కినుయే దానికి చెక్క చట్రం కట్టించింది.

"మాసిందా?" అంది కినుయే వంటింట్లోంచి తొంగిచూసి. "మొన్ననే తుడిచానే."

అప్పుడు చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆమె ముల్లంగి తురుముతూ వినడం మొదలుపెట్టి, మధ్యలో తురమడం ఆపి, తడి చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని వచ్చి అతని పక్కన గడప మీద కూర్చుంది.

"ఆ పిల్ల పేరేమిటి?"

"ఓయికవా."

"ఇంటిపేరు కాదు. పేరు."

సుగాయి ఆలోచించాడు. ఏడాదిన్నరగా ఆమె కోసం పళ్ళేలు, మరలు, బిగింపులు చేశాడు. చీటీల మీద ఓయికవా అనే ఉండేది.

"తెలీదు."

కినుయే పటం తీసుకుంది. గోడకి మళ్ళీ పెడుతుందనుకున్నాడు. అచ్చువైపు కిందికి పెట్టి బూట్ల బీరువా మీద ఉంచి, తురుముకోవడానికి వెళ్ళిపోయింది.

శుక్రవారం సంస్కృతి దినం, సెలవు. వాళ్ళ ఊరు సెందాయిలో ఆ రోజుల్లో ఏటి ఒడ్డున ఎక్కడ చూసినా చేమదుంపల పులుసు పొగలే. యమాకి మాస్టారి ప్రయోగశాల కూడా ఏటా హిరోసే ఏటి ఒడ్డున కుండ పెడుతుంది. కుండ సుగాయిది, రాళ్ళ పొయ్యి సుగాయిది, ఉప్పు చూసేది సుగాయి. పంది మాంసం, ఉల్లికాడలు, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద వేసి మరగబెడతారు. అవతలి ప్రాంతం వాళ్ళలా గొడ్డుమాంసం వేసి సోయా సాసు పోస్తే అది పులుసే కాదని మాస్టారు ఏటా అదే ఉపన్యాసం ఇస్తాడు. ఏటా అందరూ మొదటిసారి విన్నట్టు తలాడిస్తారు.

ఓయికవా నీళ్ళ అంచున చతికిలబడి దుంపలు చెక్కు తీస్తోంది. పగిలిన వేళ్ళకి జిగురు అంటి దురదపెడుతుంటే, మోచేతితో చెంప గోక్కుంటోంది. ఇంకెవరైనా తీస్తారు లెమ్మంటే వినలేదు.

పదకొండింటికి షిషిదో వచ్చాడు. పొద్దున బండికి వచ్చాడట. నడుముకి జాకెట్టు కట్టుకుని, దూరం నుంచే చెయ్యెత్తి, ముందు మాస్టారి దగ్గరికి కాదు, తిన్నగా సుగాయి దగ్గరికే వచ్చాడు. సాకే, ఆ బియ్యపు సారా, వేడివేడిగా గిన్నెలో పోసి రెండు చేతులతో అందించాడు. తను చేరిన చోట కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి సుగాయి కథ చెబుతుంటాడట. కొత్త పనిముట్టు కొనేముందు పాతదాన్ని బాగుచేయగల మనిషిని వెతుక్కోండిరా అని.

"ఆ పట్టకారు ఇంకా ఉందాండీ?"

"ఉంది," అన్నాడు సుగాయి. "తెచ్చాను."

గిన్నె నేల మీద పెట్టాడు. తాగలేదు. లేచి నీళ్ళ అంచుకి నడిచాడు. షిషిదో అర్థం కాక వెంట వచ్చాడు.

"ఓయికవా, ఒకసారి ఇటు తిరుగమ్మా."

ఏటి నీళ్ళు నాకి వెనక్కి పోయినచోట ఇసుకలో నల్లటి చారలుంటాయి. ఇనుప ఇసుక. సుగాయి ఆ చారల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ విప్పి, పట్టకారు మొనని ఇసుకలో గుచ్చి తీశాడు. మొనకి నల్లటి గడ్డం వేలాడింది. దులిపాడు. మళ్ళీ గుచ్చాడు. తరవాత కాడవైపు తిప్పి గుచ్చి తీశాడు. కాడ తెల్లగా వచ్చింది.

ముందు అర్థమైంది షిషిదోకి. అతని మొహంలో సాకే తెచ్చిన ఎరుపు అలాగే ఉంది, దాని కింద రంగు పోయింది.

"మీరు కాల్చి సరిచేశారనుకున్నాను."

"చల్లగానే కొట్టాను."

"మూడూ దీంతోనే పట్టుకున్నాను," అన్నాడు షిషిదో మెల్లగా, ఎవరితోనూ కాదన్నట్టు. "జారిపోతాయేమోనని గట్టిగా. మూలమూలకీ."

ఓయికవా చేతిలో సగం చెక్కిన దుంప అలాగే ఉంది. సుగాయి ఆమెవైపు తిరిగి, రెండు అరచేతులూ ఇసుకలో ఆనించి, తల దించాడు. బుధవారం నుంచి మోస్తున్న వాక్యం చెప్పాడు. చల్లగా కొట్టాను, తెలిసీ ఆలోచించలేదు, తప్పు నాది. నీ చేతిలో లోపం లేదు. ఏ రోజూ లేదు.

ఆమె దుంపని నీళ్ళ బేసినులో వేసింది. చేతులు కడుక్కుంది. అంతసేపూ అతను తల ఎత్తలేదు.

"కొట్టడం తప్పు కాదండీ," అంది చివరికి. "వంకరపోతే ఎవరైనా కొడతారు. నేనైనా మిమ్మల్నే కొట్టమనేదాన్ని. ఎప్పుడు తెలిసింది మీకు?"

అప్పుడు సుగాయి తల ఎత్తాడు.

"సోమవారం."

"సోమవారం పొద్దునా?"

"పొద్దున."

"నేను గుమ్మంలో నిలబడ్డానే."

"అంతకి రెండు నిమిషాల ముందు."

ఆమె మంగళవారాన్ని, బుధవారాన్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తోందని అతనికి తెలిసింది.

"అయితే బుధవారం మీరు పైకొచ్చింది పళ్ళెం సంగతి చెప్పడానికి కాదన్నమాట," అంది.

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును అనుకున్నాడు సుగాయి. సుత్తి దెబ్బకి క్షమాపణ నాలుగు రోజులు తయారుచేసుకున్నాడు. ఆ నాలుగు రోజులకి ఒక్క ముక్క కూడా తయారుచేసుకోలేదు.

మాస్టారు గరిటె చేతిలో పట్టుకునే వచ్చాడు. షిషిదో నాలుగు మాటల్లో చెప్పాడు. ఇంకోసారి చెయ్యండి అన్నాడు మాస్టారు. సుగాయి మళ్ళీ గుచ్చి తీశాడు. మాస్టారు వంగి ఆ గడ్డాన్ని చాలాసేపు చూశాడు. గరిటె లోంచి పులుసు బూటు మీద కారుతోంది. తరవాత టోపీ తీసి ఓయికవా ముందు నడుము వంచాడు.

"తొమ్మిదిసార్లు నువ్వు నిజమే చెప్పావు."

"పదిసార్లండీ," అంది ఆమె. "షిషిదో గారి మూడో బిళ్ళతో కలిపి."

సదస్సువాళ్ళకి ఇవాళే ఉత్తరం రాస్తానన్నాడు మాస్టారు. రాస్తాడు కూడా. కానీ వాళ్ళ సంగతి అక్కడ అందరికీ తెలిసిందే, ఐదు గంటలంటే ఐదు గంటలే. అచ్చయిన నా పేపరు వెనక్కి తీసుకోవాలి కదాండీ అని షిషిదో అడిగాడు. అడగడం కాదు అది. ముందు కొలవాలి అంది ఓయికవా. ఇసుక సాక్ష్యం చాలదు. యంత్రాన్ని చల్లబరిచే హీలియం ఉంది, యంత్రం చల్లగానే ఉంది. "సుగాయి గారు కూడా రావాలి. పట్టుకోవలసింది వారే."

కుండ దగ్గర హోషిని కాపలా పెట్టారు. అతను మొదటిసారిగా ఏ మాటా అనకుండా గరిటె అందుకున్నాడు.

సెలవురోజు కావడంతో మూడో అంతస్తులో పంపుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నూనె మార్చిన పంపు మెత్తగా ఆడుతోంది. ఓయికవా ఒకే పెట్టెలోంచి రెండు ఖాళీ సఫైర్ బిళ్ళలు తీసింది. పొర పరచనివి. కడిగి ఆరబెట్టింది. ఒకదాన్ని తన ప్లాస్టిక్ పట్టకారుతో తనే పట్టుకుని స్ట్రాలో పెట్టింది. రెండోదాన్ని సుగాయి ముందుకు జరిపింది. షిషిదో పక్కన నిలబడి, ఇంకాస్త గట్టిగా, ఈ మూల కూడా, అని చెబుతుంటే సుగాయి తను కొట్టిన పట్టకారుతో ఆ బిళ్ళ నాలుగు మూలలూ బిగించి పట్టాడు. మొన రాతిమీద కిచ్చుమంది.

మొదటి బిళ్ళ గీత చాప పరిచినట్టు వచ్చింది. రెండోది మెల్లగా ఎక్కింది, పైన వంగింది, దిగుతూ వేరే దారి పట్టింది, కింద వంగి మళ్ళీ ఎక్కి కలిసింది. సన్నటి ఆకు ఆకారం, అయస్కాంతమైతేనే వచ్చే గీత. గది వేడిలో. నైట్రైడ్ పొర ఊసే లేని ఖాళీ రాతి మీద. షిషిదో దాన్ని గుర్తుపట్టడానికి పేపరు తీయవలసిన పని లేకపోయింది. కుర్చీ వెనక్కి పట్టుకుని, "అదే," అన్నాడు.

ఓయికవా నమూనాల పుస్తకం తెరిచింది. అంకె, తేదీ, బిళ్ళ, పట్టుకున్నవారు అని నాలుగు గడులు. మొదటి వరసలో తన పేరు పూర్తిగా రాసింది. ఓయికవా చిహయా. సుగాయి తలకిందులుగా చదువుకున్నాడు. తరవాత పుస్తకం అతనివైపు తిప్పి పెన్ను ఇచ్చింది. రెండో వరసలో, పట్టుకున్నవారు అన్న గడిలో, అతను తన పేరు రాశాడు. మోటు అక్షరాలు, గడి దాటి పోయాయి.

పుస్తకం మళ్ళీ తీసుకుంది ఆమె. ఇక అయిపోయిందనుకున్నాడు. ఆమె స్కేలు తెచ్చి, పేజీ కుడివైపు ఖాళీలో పైనుంచి కిందికి ఒక గీత గీసింది. ఐదో గడి తయారైంది. దాని పైన రాసింది: తెలిసిన రోజు. తన వరసలో ఇవాళ్టి తేదీ వేసింది. మళ్ళీ పుస్తకం జరిపింది.

సుగాయి రాశాడు. అక్టోబరు ముప్ఫై, సోమవారం. పెన్ను ఎత్తి, ఆగి, మళ్ళీ ఆనించి, పొద్దున తొమ్మిదిన్నర అని కూడా రాశాడు.

ఆమె చదివింది. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు. ఆమె పెట్టెలోంచి ఇంకో రెండు బిళ్ళలు తీసి, కడిగి, ఆరబెట్టి, సుగాయి ముందు ఒకదాని పక్కన ఒకటి పెట్టింది.

"వీటిని కూడా పట్టండి," అంది. "ఒక్కటి చాలదు. మూడు ఉండాలి."